చిక్కడపల్లి గుండె క్లినిక్: లిఫ్టు లేదు, తొందరా లేదు

ముందే చెప్పేస్తున్నా, క్లినిక్ పేరు రాయను. వాళ్ల వెయిటింగ్ హాల్లో ఉన్నవి పదకొండు కుర్చీలు, అందులో ఒకటి కుంటిది. ఇది చదివి ఇంకో యాభై మంది వచ్చారంటే వచ్చే నెల నేను మెట్ల మీద కూర్చోవాలి. చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి కాస్త లోపలికి నడిస్తే ఒక సందులో, మందుల షాపు పైన, రెండో అంతస్తు. గుండె డాక్టరు దగ్గరికి మెట్లెక్కి పోవడం ఏమిటని మొదటిసారి నాకు ఒళ్లు మండింది. పైకి చేరేసరికి రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఆయాసం వచ్చిందా అంకుల్? ఎన్నో మెట్టు దగ్గర?" అని అడిగి చీటీ మీద రాసుకుంది. అది పద్ధతో, లిఫ్టు లేనందుకు సమర్థింపో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

నాది ఉప్పల్లో శానిటరీ, ప్లంబింగ్ సామాన్ల షాపు. వయసు 58. షాపు పెట్టకముందు నేనే పానా పట్టి పనిచేసినవాణ్ణి. అందుకే "బ్లాకు" అన్న మాట వింటే నా బుర్ర నేరుగా పైపు మీదికే పోతుంది. ఈ రివ్యూలో సగం గొడవ దాని గురించే.

పోయిన ఏడాది మా కాలనీలో ఒక ఆసుపత్రి వాళ్లు ఉచిత గుండె పరీక్షల క్యాంపు పెట్టారు. గోడౌన్ మెట్లెక్కితే ఛాతీ కాస్త పట్టేసినట్టు ఉంటోందని చెప్పాను. ఈసీజీ తీశారు, టీఎంటీకి రమ్మన్నారు. బెల్టు మీద నడుస్తుంటే గీతల్లో తేడా వచ్చిందని సీటీ యాంజియో, అంటే గుండె రక్తనాళాల స్కాను, రాశారు. ఉచితం అన్నది అక్కడితో అయిపోయింది. రిపోర్టులో ముందువైపు దిగే నాళంలో, అదే ఎల్ఏడీలో, 70 శాతం బ్లాకు. ప్యాకేజీలు చూసే అబ్బాయి మా ఆవిడ వైపు తిరిగి, "దీన్ని విడో మేకర్ అంటారు మేడమ్" అన్నాడు, అంటే భార్యని విధవని చేసేదని. ఎల్లుండి చేరి స్టెంటు, అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం, వేయించుకుంటే ప్యాకేజీలో ముప్పై వేలు తగ్గిస్తామన్నాడు. ఆషాఢం సేల్ మాట నేనూ మా షాపులో చెప్తాను, కమోడ్ల మీద. గుండె మీద వినడం అదే మొదలు.

మొత్తం రెండు లక్షల పదివేలు. స్టెంటు ఒక్కదాని ధర ఎంత అని అడిగితే "ప్యాకేజీ సార్" అన్నాడు. మందు పూత ఉన్న స్టెంటుకు 2017 ఫిబ్రవరిలోనే ప్రభుత్వం 29,600 రూపాయలని గరిష్ఠ ధర కట్టిందని, తర్వాత కూడా ఆ కట్టడి కొనసాగుతోందని నాకు తెలుసు. ఎందుకంటే అంతకు ముందు మా మామయ్యకు ఒక్క స్టెంటుకే లక్ష పైన బిల్లు కట్టాం. ఎంఆర్‌పీ చెప్పకుండా సామాను అంటగట్టేవాడి దగ్గర నేను కుళాయి కూడా కొనను.

నా భయం నాకుంది. దానికి కారణం మా బావ. భువనగిరిలో ఉంటాడు. రెండేళ్ల కింద తెల్లవారుజామున నాలుగింటికి ఛాతీ మధ్యలో బరువు, దవడ లాగడం, చొక్కా తడిసేంత చెమట. గ్యాస్ అనుకుని నిమ్మకాయ సోడా తాగాడు. తెల్లారాక పక్కవీధిలో గ్యాసు ఇంజక్షన్ చేయించుకున్నాడు. 108కి ఫోన్ చేసేసరికి పదిన్నర. హైదరాబాద్ తెచ్చి మణికట్టు దగ్గర నుంచి వైరు పంపి స్టెంటు వేశారు, ప్రాణం దక్కింది. కానీ గుండె పంపింగ్ 40 శాతం దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు చేను గట్టు చివరిదాకా నడవలేడు. అందుకే ఎల్ఏడీ, 70 శాతం అనగానే మా ఆవిడ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

రెండో అభిప్రాయం తీసుకుందామన్నది మా అమ్మాయి. ఇక్కడే ఒక రీసెర్చ్ కంపెనీలో క్లినికల్ ట్రయల్స్ డేటా చూసే ఉద్యోగం. "ఎల్లుండి దాకా టైమిచ్చారంటేనే అది ఎమర్జెన్సీ కాదు నాన్నా" అంది. చిక్కడపల్లి డాక్టరు గారి గురించి వాళ్ల ఆఫీసులో ఎవరో చెప్పారట.

ఇక క్లినిక్ సంగతి. ఫీజు 500, నగదే తీసుకుంటారు. మొదటిసారి రెండు గంటల పది నిమిషాలు కూర్చోబెట్టారు. ఏసీ లేదు. చేతులు కడిగే బేసిన్ కుళాయి టపటపా కారుతూనే ఉంది, వినలేక రెండుసార్లు లేచి గట్టిగా బిగించి వచ్చాను. లోపలికి పిలిచాక ఇంకో ఆటంకం. సీటీ యాంజియో సీడీ పెట్టడానికి ఆయన కంప్యూటర్లో చోటే లేదు. అమ్మాయి కిందికి జిరాక్స్ షాపుకి పోయి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చింది, ఇరవై రూపాయలు నా ఖాతాలోనే.

ఆ అమ్మాయి తిరిగొచ్చేదాకా ఇరవై నిమిషాలూ డాక్టరు గారు ఖాళీగా లేరు. నొప్పి ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది, ఆగి నిలబడితే పోతుందా, అన్నం తిన్నాక నడిస్తే ఎక్కువా, కూర్చున్నప్పుడు కానీ నిద్రలో కానీ ఎప్పుడైనా వచ్చిందా, ఈ నెలలో పెరిగిందా. ఈ చివరి రెండూ మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగారు. లేదన్నాను. గోడౌన్ మెట్లెక్కితేనే వస్తుంది, రెండు నిమిషాలు ఆగితే పోతుంది, ఆర్నెల్లుగా అలాగే ఉంది. తర్వాత సొరుగులోంచి దర్జీ టేపు తీసి నా నడుము కొలిచారు. 41 అంగుళాలు. మా ఆవిడకి వినపడేలా పైకి చదివారు.

పెన్‌డ్రైవ్ వచ్చాక ఆయన ముందు చూసింది 70 శాతం ఉన్న చోటు కాదు. దాని పైన, రెండు నాళాలు చీలకముందు ఉండే ఎడమ మూలనాళం. "ఇక్కడ గట్టి బ్లాకుంటే మన మాటలన్నీ మారిపోతాయి. లేదు. మీ ఎకోలో పంపింగ్ 60, బాగుంది. ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నారు.

నేను నా పైపు సిద్ధాంతం మొదలుపెట్టాను. "సార్, మా ఉప్పల్లో బోరు నీళ్లకి జీఐ పైపులో ఉప్పు పేరుకుంటుంది. ముప్పావు వంతు పూడితే నేనైతే పైపు మారుస్తా, మందు పోసి కూర్చోను."

ఆయన నవ్వలేదు. కాగితం తీసి గొట్టం బొమ్మ గీశారు. "మీ పైపులో ఉప్పు లోపలి వైపు పూతలా పడుతుంది. ఇక్కడ కొవ్వు గోడ మందంలోనే చేరుతుంది, పైన పల్చటి పొర. హార్ట్ ఎటాక్ ఎక్కువగా రంధ్రం సన్నబడి సన్నబడి మూసుకుపోయి రాదు. ఆ పొర ఒకరోజు పగులుతుంది. పగిలిన చోట రక్తం గడ్డకట్టి నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. మీ బావగారికి జరిగింది అది. పగిలేది 70 శాతం ఉన్నచోటే అని లేదు, 40 శాతం ఉన్నచోట కూడా పగలొచ్చు. మీకు అలాంటివి ఇంకో రెండు మూడు చోట్ల ఉన్నాయి, చూడండి." స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించారు. ఆసుపత్రి రిపోర్టులో వాటిని ఒక్క లైన్లో తేల్చేశారు.

నా బుర్రకెక్కింది ఇది: స్టెంటు ఒక్క జాయింటుని సరిచేస్తుంది, మాత్రలు లైను మొత్తం మీద పనిచేస్తాయి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఈ మాట నాకెవరూ ముందే చెప్పలేదేం అనిపించింది.

అయినా ఊరుకోలేదు. "ఇది మీ అభిప్రాయమా సార్, లెక్కుందా?" అన్నాను. అప్పుడు ఆయన ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి రాశారు. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది. చేతిరాత ఘోరం, అంకెలు మాత్రం బాగానే కనిపిస్తాయి. మొదటి లైను: కరేజ్ అనే ప్రయోగం, 2007, 2,287 మంది. నాలాగా నిలకడగా ఉన్న గుండె జబ్బువాళ్లలో సగం మందికి మంచి మందులతో పాటు స్టెంటు, మిగతా సగానికి మందులు మాత్రమే. నాలుగున్నరేళ్లకి చావుల్లో, హార్ట్ ఎటాకుల్లో తేడా లేదు. రెండో లైను: ఇస్కీమియా అనే ఇంకో ప్రయోగం, 37 దేశాలు, 5,179 మంది. 2020లో అచ్చయింది, మన దేశపు రోగులూ అందులో ఉన్నారు. గుండెని శ్రమపెట్టి చూసే పరీక్షలో గట్టి తేడాలు వచ్చినవాళ్లనే తీసుకున్నారు. అక్కడా సగటున మూడేళ్లకు పైగా చూస్తే ముందే యాంజియో, స్టెంటు, బైపాస్ చేయించుకున్నవాళ్లకి ప్రాణం విషయంలో అదనపు లాభం కనపడలేదు.

ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ తర్వాత చెప్పిన దానికి. "మూలనాళంలో బ్లాకున్నవాళ్లని, పంపింగ్ 35 కన్నా తక్కువున్నవాళ్లని, కొత్తగా ఎటాక్ వచ్చినవాళ్లని అందులో తీసుకోలేదు. కాబట్టి ఈ కాగితం తీసుకెళ్లి మీ బావగారికి చూపించకండి. ఇంకోటి, మందులతో ఉన్నవాళ్లలో కూడా నాలుగేళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి స్టెంటో బైపాసో అవసరమైంది. మీరు ఆ ఒకరు కావచ్చు." రెండు వైపులా చెప్పే వ్యాపారిని నేను మా బజార్లో ఇంకా చూడలేదు.

మరి ఛాతీ పట్టేయడం మాటేమిటని మా ఆవిడ అడిగింది. దానికి బ్రిటన్‌లో జరిగిన ఇంకో ప్రయోగం చెప్పారు, ఆర్బిటా, 2017. 200 మందికి మత్తిచ్చి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపిస్తూ, సగం మందికి నిజంగా స్టెంటు వేశారట, సగం మందికి వేసినట్టు నటించారట. ఎవరికి ఏది చేశారో వాళ్లకి తెలియదు. ఆరు వారాల తర్వాత బెల్టు మీద నడిపిస్తే రెండు గుంపుల మధ్య లెక్కలోకి తీసుకోదగ్గ తేడా రాలేదు. "పాటలు విని లేచిపోయినవాళ్లకి కూడా బాగైందా!" అని మా ఆవిడ నోరు తెరిచింది. అదే బృందం 2023లో ఈసారి నొప్పి మాత్రలన్నీ ఆపి 301 మందితో మళ్లీ చేస్తే, స్టెంటు వేయించుకున్నవాళ్లకి నొప్పి నిజంగానే తగ్గిందట. "అందుకే స్టెంటు దండగ అనను. మాత్రలు వాడినా నొప్పి తగ్గక మీరు గోడౌన్ ఎక్కలేకపోతే నేనే పంపుతాను. కానీ దానికి ఎల్లుండే ముహూర్తం ఏమీ లేదు."

ముహూర్తం అనగానే మా ఆవిడకి నా గ్రహచారం గుర్తొచ్చింది. మెట్రోలో తిరిగొస్తుంటే అదే మాట ఎత్తితే మా అమ్మాయి ఒకటే నవ్వు. ఎందుకో తనే చెప్పింది: 1988లో ఐసిస్-2 అని పెద్ద ట్రయల్. 17,187 మందికి హార్ట్ ఎటాక్ వచ్చిన గంటల్లోనే ఆస్పిరిన్, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇచ్చి చూశారు. ఒక్క ఆస్పిరిన్‌తోనే గుండె, రక్తనాళాల వల్ల వచ్చే చావులు 23 శాతం తగ్గాయి, రెండూ కలిపిస్తే 42 శాతం. ఫలితాలని వయసు వారీగా, బీపీ వారీగా విడదీసి చూపమని వైద్య పత్రికవాళ్లు అడిగితే, అంత ముక్కలు చేస్తే ఏమవుతుందో చూడండని ఆ శాస్త్రవేత్తలు రాశుల వారీగా కూడా విడదీశారట. మిథునం, తుల వాళ్లకి ఆస్పిరిన్ పనిచేయలేదని వచ్చింది! మా ఆవిడ నవ్వలేదు. "మీది తులే కదండీ" అంది. వాళ్లు లెక్కేసింది పుట్టిన తేదీ రాశులు, మన జన్మరాశులు కాదు, అసలు అది ఎగతాళికి చేసిన లెక్క అని చెప్పేసరికి పరేడ్ గ్రౌండ్ వచ్చింది, రైలు మారాలి. ఆ తర్వాత నెల దాకా నేను ఆస్పిరిన్ వేసుకుంటుంటే నా వైపు అనుమానంగానే చూసింది.

రాసిచ్చిన మందులు నాలుగు. ఆస్పిరిన్ 75, కొవ్వు తగ్గించే మాత్ర (స్టాటిన్), బీపీకి, నొప్పికి కలిసొచ్చే బీటా బ్లాకరు, జేబులో పెట్టుకోవడానికి నాలుక కింది మాత్ర. నెలకి ఎనిమిది వందల లోపే. కొవ్వు మాత్ర మొదలెట్టిన రెండో వారం నాకు పిక్కలు లాగడం మొదలైంది. అప్పటికే వాట్సాప్‌లో ఆ మాత్ర కండరాలని తినేస్తుందని చదివి ఉన్నాను. ఆపేసి క్లినిక్‌కి పోయాను. పది రోజుల్లోపు వస్తే ఫీజు లేదు, నేను పదకొండో రోజు వెళ్లాను, మళ్లీ 500 తీసుకున్నారు. రూలంటే రూలే, నేనూ బిల్లు లేకుండా సామాను వాపసు తీసుకోను కదా.

డాక్టరు గారు రక్తపరీక్ష రాసి, రిపోర్టు మామూలుగా ఉంటే మళ్లీ వేసుకోమన్నారు. శామ్సన్ అనే చిన్న ప్రయోగంలో, అంతకుముందు ఇలాగే ఆపేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చారట. అసలు మాత్రతో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. "అంటే నాకు నొప్పి లేదంటారా?" అని కోపమొచ్చింది. "నొప్పి నిజమే. కారణం ఈ మాత్రేనా అన్నదే ప్రశ్న" అన్నారు. మాత్ర తక్కువ మోతాదుకి మార్చి, నెల తర్వాత పెంచారు. నొప్పి పోయిందని చెప్పను, అప్పుడప్పుడూ ఉంది. 58 ఏళ్లకి రోజంతా సిమెంటు గచ్చు మీద నిలబడేవాడికి మాత్రలు వేసుకోకపోయినా ఉంటుంది. చెడ్డ కొలెస్ట్రాల్ మాత్రం 148 నుంచి 61కి దిగింది.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. గోడౌన్ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. సంక్రాంతికి ఒకసారి సగం మెట్ల దగ్గర పట్టేసింది, కూర్చున్నాను, తగ్గింది. అది ఫోన్ చేసి చెప్తే మర్నాడే రమ్మని ఈసీజీ తీశారు. నడుము 38. స్టెంటు వేయించుకోలేదు. రేపు అవసరం పడితే వేయించుకుంటాను, పంతమేమీ లేదు.

అసంతృప్తులు చాలానే ఉన్నాయి. ఆదివారం, పండగ రోజు ఫోన్ ఎత్తరు. క్లినిక్‌లో టీఎంటీ లేదు, ఎకో లేదు, బయట చేయించుకుని మోసుకుపోవాలి. బండి పెట్టే చోటు లేదు. అపాయింట్‌మెంట్ ఆరింటికంటే ఎనిమిదని అర్థం. మెట్లకి ఒకవైపే రెయిలింగ్, అదీ ఊగుతుంది. పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు పక్కన ఒకరు పట్టుకోవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న మా పెద్దమ్మని నేను పైకి తీసుకెళ్లలేదు, కింద మందుల షాపులో కూర్చోబెడితే డాక్టరు గారే దిగి వచ్చి చూశారు. అది మెచ్చుకోవాలో, లిఫ్టు పెట్టమని తిట్టాలో తెలియలేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా రాయాలి, ఎందుకంటే ఇది చదివి ఎవరైనా తప్పుదారి పట్టకూడదు. ఛాతీలో బరువు కూర్చున్నా పోకుండా ఉంటే, చెమటలు పడుతుంటే, ఈ క్లినిక్ మీ కోసం కాదు. రెండు గంటలు కుర్చీలో కూర్చోబెడతారు. 108కి ఫోన్ చేసి, ఇరవై నాలుగు గంటలూ స్టెంటు వేసే ఆసుపత్రికి పొండి, ఏ ప్యాకేజీ అయినా సరే. మన దేశంలో 20,937 మంది రోగుల లెక్క తీసి 2008లో వేసిన అధ్యయనం ఒకటి డాక్టరు గారు చెప్పారు, దాని పేరు క్రియేట్. అసలైన పెద్ద ఎటాక్ వచ్చినవాళ్లలో సగం మంది ఆసుపత్రి చేరేసరికే ఆరు గంటలు గడిచిపోయాయట. మా బావ సోడా, ఇంజక్షన్ అన్నీ కలిపితే ఆరున్నర. ఆ మాట విన్న రోజు నేను బావకి ఫోన్ చేసి వేరే సంగతులేవో మాట్లాడి పెట్టేశాను.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది మెట్లకి, సగం ఇరవై రూపాయల పెన్‌డ్రైవ్‌కి, కానీ సగం నక్షత్రాలు ఇక్కడ ఇవ్వరు కాబట్టి అది వదిలేశాను. పోయినసారి అడక్కుండానే బేసిన్ కుళాయి విప్పి వాషర్ మార్చి వచ్చాను. డాక్టరు గారు తలుపులోంచి చూసి ఏమీ అనలేదు, ఫీజు మాత్రం మామూలుగానే తీసుకున్నారు. నిన్న రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసి మళ్లీ కారుతోంది అంకుల్ అంది. అయితే వాషర్ కాదు, లోపల స్పిండిలే అరిగిపోయి ఉండాలి. అరంగుళం స్పిండిల్ ఒకటి తీసి సంచిలో వేసుకున్నాను, 18న అపాయింట్‌మెంట్.